ల్యాబులో 99... బయటికొస్తే 31!

కంప్యూటర్స్ చదివే పిల్లల ముందు రెండు దారులున్నాయంటారు. ఒకటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రెండోది మెషీన్ లెర్నింగ్‌లో పరిశోధన. ఒకదాంట్లో అడుగుపెడితే రెండోదాన్ని వదిలేసుకున్నట్టేనని చాలామంది నమ్మకం. కానీ రెండూ తెలిసినవాడు చేసిన పనే నిలబడుతుందని చరిత్ర చెబుతోంది. కావాలంటే నందిగామ మిరపచేలోకి ఓసారి వెళ్లి చూడండి... ఆకు కూడా అదే మాట చెబుతుంది!

పొద్దున ఏడు దాటితే చాలు... హైదరాబాద్-విజయవాడ రహదారి మీద కాలేజీ బస్సుల సందడి మొదలవుతుంది. జగ్గయ్యపేట, చిల్లకల్లు, నందిగామ, కీసర, కంచికచర్ల, పరిటాల... ఎక్కడ చూసినా వీపున బ్యాగు, మెడలో ఐడీ కార్డుతో పిల్లలు. రోడ్డుకి అటూ ఇటూ పత్తి, మిరప, సుబాబుల్ తోటలు. జగ్గయ్యపేట వైపు వెళ్తుంటే సిమెంటు ఫ్యాక్టరీలు. కృష్ణా జిల్లా మెట్టప్రాంతమని జనం ఇప్పటికీ పిలుచుకునే ఈ నేల 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది. జిల్లా పేరు మారింది కానీ ఇళ్లలో మాట మారలేదు. ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం చదివే బిడ్డ ఉన్న ఇంట్లో చుట్టాలు అడుగుపెట్టగానే అడిగేది ఒకటే... ‘ఏరా అబ్బాయ్, కంపెనీలేమైనా వచ్చాయా?’

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కునే హడావుడిలో పక్కకు పోయేది ఒకటుంది. అదే ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు. నాలుగేళ్ల చదువులో విద్యార్థి తన బుర్రతో తాను చేసే మొదటి పెద్ద పని అది. చాలామందికి మాత్రం రికార్డు బైండింగ్ చేయించి సంతకం పెట్టించుకునే తంతుగా మిగిలిపోతోంది. డబ్బిస్తే ప్రాజెక్టు మొత్తం చేతిలో పెట్టే కేంద్రాలు నగరాల్లో ఉండనే ఉన్నాయి. అలా కొనుక్కోవడం వల్ల పోయేది ఆ నాలుగు డబ్బులే అనుకుంటే పొరపాటు. ఇంటర్వ్యూలో ‘ఇందులో నువ్వేం చేశావు?’ అని అడిగినప్పుడు నోరు పెగలదు. ఆ తర్వాత బతుకంతా ఆధారపడే నేర్పు ఒకటి చేజారిపోతుంది.

అదేమిటో తెలియాలంటే, విద్యార్థులు బాగా ఇష్టపడే ఒక ప్రాజెక్టును దగ్గరగా చూడాలి. ఆకు ఫొటో చూసి తెగులేమిటో కంప్యూటర్ చేత చెప్పించడం!

మురిపించే లెక్క
మెషీన్ లెర్నింగ్ అంటే మరేం లేదు. ఏది ఎలా ఉంటుందో మనం సూత్రాలు రాసివ్వకుండా, వేలకొద్దీ ఉదాహరణలు చూపించి యంత్రం చేతే ఆ తేడా పట్టించడం. ఐబీఎంలో పనిచేసిన ఆర్థర్ శామ్యూల్ చెకర్స్ ఆటను కంప్యూటర్‌కి నేర్పుతూ 1959లో ఈ మాటను ప్రచారంలోకి తెచ్చాడు. ఆకుల విషయంలో ఆ ఉదాహరణలు ఎక్కణ్నుంచి వస్తాయి? ఎక్కువమంది వాడేది ‘ప్లాంట్‌విలేజ్’ అనే ఫొటోల భాండాగారం. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు.

2016లో శరదా మొహంతీ, డేవిడ్ హ్యూస్, మార్సెల్ సలాథే అనే ముగ్గురు పరిశోధకులు అందులోని 54,306 ఫొటోలతో కంప్యూటర్‌కి పాఠం చెప్పారు. పద్నాలుగు పంటలు, ఇరవై ఆరు తెగుళ్లు. మొత్తం 38 రకాలుగా విడదీయాలి. పాఠంలో చూపించని ఫొటోలను పక్కన పెట్టుకుని పరీక్షిస్తే 99.35 శాతం సరిగ్గా చెప్పింది. ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. అప్పటినుంచి ఆ అంకె పట్టుకుని ఎన్ని ప్రాజెక్టులు పుట్టాయో!

కానీ అదే పరిశోధనలో ఇంకో అంకె కూడా ఉంది. దాని గురించి మాట్లాడుకునేవాళ్లు తక్కువ. వేరే చోట, వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలను నమ్మదగిన వెబ్‌సైట్ల నుంచి తెచ్చి పరీక్షిస్తే... ఫలితం 31.4 శాతానికి పడిపోయింది. ఆ సంగతిని దాచకుండా వాళ్లే రాసుకున్నారు. పరిశోధనకు ఉండాల్సిన నిజాయతీ అది.

ఎందుకలా జరిగింది? భాండాగారంలోని ఆకులు మొక్క నుంచి తుంచి, ఒక కాగితం మీద పెట్టి, నింపాదిగా తీసినవి. చేలో ఆకు అలా ఉండదు కదా! ఎండ పడుతుంటుంది. నీడ అడ్డొస్తుంది. మందు చారలుంటాయి. వెనక పది ఆకులు, కింద నేల, పక్కన రైతు చెయ్యి. ఇన్నింటి మధ్యలో మచ్చను పట్టుకోవాలి.

ఆకును చూడనే లేదు!
అసలు గుట్టు 2022లో బయటపడింది. మెహ్మెట్ అలీజాన్ నోయాన్ అనే పరిశోధకుడు ఓ చిలిపి ప్రయోగం చేశాడు. ప్లాంట్‌విలేజ్ ఫొటోల్లో ఆకును అసలు చూపించకుండా, వెనకున్న నేపథ్యం నుంచి కేవలం ఎనిమిది చుక్కలు (పిక్సెల్స్) తీసుకుని, వాటితోనే యంత్రానికి పాఠం చెప్పాడు. గుడ్డిగా ఊహిస్తే 2.6 శాతం కరెక్టు కావాలి. కానీ 49 శాతం సరిగ్గా చెప్పేసింది!

అంటే ఏమిటన్నమాట? ఒక్కో తెగులు ఫొటోలను ఒక్కోచోట, ఒక్కో వెలుతురులో, ఒక్కో కాగితం మీద తీశారు. యంత్రం తెగులును కాకుండా కాగితాన్ని గుర్తుపట్టడం నేర్చుకునే వీలుందన్నమాట. ప్రశ్నపత్రం రంగు చూసి జవాబు రాసే పిల్లాడిలాగా! వాడికి నూటికి తొంభై తొమ్మిది వచ్చాయని మురిసిపోతే, నష్టపోయేది వాడి మాట నమ్మి మందు కొట్టిన రైతు.

మరి నందిగామ, జగ్గయ్యపేట రైతుల సంగతి? ఆ భాండాగారంలో టమోటా ఉంది, బంగాళదుంప ఉంది, యాపిల్ ఉంది, ద్రాక్ష ఉంది. మిరప జాతిలో బెంగళూరు మిర్చి అని మనం పిలుచుకునే బుట్టమిరప ఉంది. మన ఎండుమిర్చి లేదు. పత్తి అసలే లేదు. మెట్టలో ఏ పంట మీద ఊరంతా బతుకుతుందో ఆ పంటే అందులో లేదు. కాబట్టి ఆ ఫొటోలతో చేసిన ప్రాజెక్టుకు మార్కులెన్ని పడినా, ఈ రోడ్డు దిగి పక్క చేలోకి నడిస్తే అది మూగబోతుంది.

ముడత ఒకటే... కారణాలు మూడు
చేలో దిగితే అసలు చిక్కు తెలుస్తుంది. మిరపాకు ముడుచుకుందంటే రైతు గుండె గుభేలుమంటుంది. ఆకు అంచులు పైకి లేచి పడవలా ముడిస్తే తామర పురుగుల పని. దాన్ని పైముడత అంటారు. కిందికి తిరగేసిన పడవలా ముడిస్తే తెల్లనల్లి. అది కింది ముడత. తెల్లదోమ మోసుకొచ్చే జెమినీ వైరస్ వల్ల వచ్చే ముడత మూడోది. రైతులు బొబ్బర అనేది దాన్నే. మూడూ ముడతలే. కానీ పురుగుకు కొట్టే మందు నల్లికి పనిచేయకపోవచ్చు. వైరస్ ఒకసారి మొక్కలోకి చేరాక ఏ మందుతోనూ పోదు, ఆ మొక్కను పీకేసి దోమను అదుపు చేయాల్సిందే. గుర్తుపట్టడంలో పొరపాటు జరిగితే మందు డబ్బులూ పోతాయి, పంటా పోతుంది.

2021-22 సీజన్‌లో ఏమైందో ఇక్కడి రైతులెవరూ మరచిపోలేరు. థ్రిప్స్ పార్విస్పైనస్ అనే కొత్త రకం తామర పురుగు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మిరప తోటల మీద విరుచుకుపడింది. నల్ల తామర అని దానికి పేరు. పూతలో చేరి కాపు నిలవనివ్వలేదు. అంతకుముందు ఏళ్లలో తీసిన ఫొటోలతో పాఠం నేర్చుకున్న యంత్రం ఉందనుకోండి... కొత్త శత్రువును చూసి పాత పేరే చెప్పేది. ‘నాకు తెలియదు’ అనడం నేర్పకపోతే యంత్రం ధీమాగా తప్పు చెబుతుంది!

మరి ఏ ఆకుకు ఏ తెగులో ఖాయంగా చెప్పేదెవరు? జగ్గయ్యపేట మండలం గరికపాడులో ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. గుంటూరు దగ్గర లాం ఫారంలో మిరప మీద పరిశోధన ఏనాటి నుంచో జరుగుతోంది. కంప్యూటర్ల విద్యార్థి తీసిన ఫొటో పక్కన శాస్త్రవేత్త చెప్పిన పేరు చేరితేనే దానికి విలువ. ఇద్దరు నిపుణులు వేర్వేరుగా చూసి ఒకే పేరు చెప్పారా, లేదా అన్నది కూడా రాసిపెట్టుకోవాలి. నిపుణులకే తేడా వచ్చిన ఫొటో దగ్గర యంత్రాన్ని తప్పుపట్టి లాభం లేదు కదా!

ఇక్కడేగా ఇంజినీరింగ్!
ఫొటోలు పోగయ్యాయి. పేర్లు పెట్టారు. ఇక ప్రోగ్రాం నడిపించడమేనా? అక్కడే సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ అవసరమవుతుంది. ఈ మాటకు వయసు ఏమంత ఎక్కువ కాదు. ప్రోగ్రాములు పెద్దవై, అనుకున్న గడువుకు పూర్తికాక, తప్పులతో నిండిపోతుంటే 1968లో జర్మనీలోని గార్మిష్‌లో నాటో ఆధ్వర్యంలో ఒక సదస్సు జరిగింది. వంతెన కట్టేవాడికి ఉండే క్రమశిక్షణ ప్రోగ్రాం రాసేవాడికీ ఉండాలన్న ఆలోచనతో ‘సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్’ అన్న పేరు అక్కడే బాగా ప్రచారంలోకి వచ్చింది. ఏ మార్పు ఎప్పుడు చేశారో రాసిపెట్టుకోవడం, ప్రతి భాగాన్నీ విడిగా పరీక్షించడం, ఒకరు రాసింది ఇంకొకరు చదివి సరిచూడటం... అన్నీ ఆ క్రమశిక్షణలోవే.

‘అది కంపెనీల గోల, పరిశోధనకెందుకు?’ అనుకోవచ్చు. ఒక చిన్న ఉదాహరణ. ఒకే మిరపమొక్క దగ్గర నిలబడి పది ఫొటోలు తీశారు. వాటిలో ఎనిమిది పాఠానికి, రెండు పరీక్షకు వెళ్లాయి. పరీక్షలో యంత్రం దంచి చెబుతుంది. ఎందుకు చెప్పదూ? చూసిన మొక్కే కదా! పరీక్షకు ముందే పేపర్ లీకయినట్టు. పరిశోధకులు కూడా దీన్ని లీకేజీ అనే అంటారు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన సయాష్ కపూర్, అరవింద్ నారాయణన్ 2023లో ప్రచురించిన పరిశీలనలో ఇలాంటి లీకేజీ 17 శాస్త్రరంగాల్లో 294 పరిశోధన పత్రాలను దెబ్బతీసిందని తేలింది. రాసినవాళ్లంతా మోసగాళ్లేం కాదు. చాలావరకు ఒక చిన్న అడుగు దగ్గర ఏమరుపాటు. అడుగడుగునా పరీక్షించే ఇంజినీరు అలవాటు ఉంటే చాలామటుకు అక్కడే దొరికిపోయేవి.

దీనికి మన దగ్గరే ఓ తేలికైన విరుగుడుంది. నందిగామ చేలల్లో తీసిన ఫొటోలతో పాఠం చెప్పి, జగ్గయ్యపేట చేలల్లో తీసిన వాటితో పరీక్ష పెట్టడం. ఫోను వేరు, పొద్దు వేరు, నేల వేరు. అప్పుడు వచ్చే అంకె చిన్నదే కావచ్చు. తొంభై తొమ్మిది బదులు అరవయ్యో డెబ్బయ్యో రావచ్చు. కానీ అది నిజం అంకె. దాని మీద మరో ఏడాది వచ్చే విద్యార్థి ఇంకో మెట్టు కట్టగలడు.

కాటూరు నుంచి కార్నెగీ దాకా
ఈ రెండు పనుల్నీ ఒకే చేత్తో చేసి ప్రపంచానికి చూపించిన తెలుగువాడు ఉన్నారు. ఆయనే దబ్బాల రాజగోపాల్ రెడ్డి. అందరికీ రాజ్‌రెడ్డిగా తెలుసు. 1937లో నాటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి. మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో 1958లో పట్టా తీసుకున్నారు. అదీ కంప్యూటర్స్‌లో కాదు, సివిల్‌లో! తర్వాత ఆస్ట్రేలియా వెళ్లి న్యూసౌత్‌వేల్స్ విశ్వవిద్యాలయంలో 1960లో ఎంటెక్ పూర్తిచేశారు. ఆ వెంటనే అక్కడి ఐబీఎంలో ఉద్యోగం. మన భాషలో చెప్పాలంటే ‘సెటిలైపోయారు’.

కానీ మూడేళ్లకే ఆ ఉద్యోగం వదిలేసి స్టాన్‌ఫర్డ్‌లో మళ్లీ విద్యార్థిగా చేరారు. గురువు జాన్ మెకార్థీ. ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ అన్న పేరు పెట్టిన వ్యక్తే. మనిషి మాటను కంప్యూటర్ గుర్తుపట్టేలా చేయడం మీద పరిశోధించి 1966లో డాక్టరేట్ అందుకున్నారు రాజ్‌రెడ్డి. 1969లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1979లో అక్కడి రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కి తొలి డైరెక్టరయ్యారు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. కంప్యూటర్ రంగంలో నోబెల్ అంతటిదని చెప్పుకునే ఆ పురస్కారం ఆసియా మూలాలున్న వ్యక్తికి దక్కడం అదే మొదటిసారి.

ఆ అవార్డు దేనికిచ్చారో గమనించాలి. పెద్ద ఎత్తున కృత్రిమ మేధ వ్యవస్థలను రూపకల్పన చేసి, నిర్మించి, వాటి ఆచరణాత్మక విలువను నిరూపించినందుకు! రూపకల్పన, నిర్మాణం... రెండూ ఇంజినీరు మాటలే. సివిల్ చదివిన మనిషికి కట్టడమంటే ఏమిటో వేరే చెప్పాలా?

నల్లబల్ల చుట్టూ...
1970ల్లో రాజ్‌రెడ్డి బృందం ముందున్న సమస్య సామాన్యమైంది కాదు. మాట్లాడే మాటను కంప్యూటర్ అర్థం చేసుకోవాలి. శబ్దాల సంగతి ఒకరికి తెలుసు. పదాల సంగతి మరొకరికి. వాక్య నిర్మాణం ఇంకొకరికి. ఏ ఒక్కరి జ్ఞానమూ సరిపోదు. ‘హియర్సే-2’ అనే వ్యవస్థలో వాళ్లు కనిపెట్టిన ఉపాయం పల్లెటూరి బడి గుర్తుకు తెచ్చేలా ఉంటుంది. దాని పేరు బ్లాక్‌బోర్డ్... నల్లబల్ల!

నలుగురు నిపుణులు ఒక నల్లబల్ల చుట్టూ నిలబడ్డారనుకోండి. శబ్దం తెలిసినవాడు తనకు వినిపించింది రాస్తాడు. అది చూసి పదాలు తెలిసినవాడు ‘ఇది ఫలానా మాట అయ్యుండొచ్చు’ అని రాస్తాడు. వ్యాకరణం తెలిసినవాడు దాన్ని కొట్టేసి ఇంకోటి రాస్తాడు. ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోరు. అందరూ బల్లనే చూస్తారు. అందుకే ఒక నిపుణుణ్ని తీసేసి మెరుగైనవాణ్ని పెట్టినా మిగతావారి పనికి ఇబ్బంది రాదు. లీ ఎర్మన్, ఫ్రెడరిక్ హేస్-రాత్, విక్టర్ లెసర్‌లతో కలిసి రాజ్‌రెడ్డి 1980లో దీని గురించి రాసిన పత్రం చాలా పేరు తెచ్చుకుంది.

విశేషమేమిటంటే, మాటను గుర్తుపట్టే పరిశోధనలో పుట్టిన ఈ నల్లబల్ల తర్వాత సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. పెద్ద ప్రోగ్రాములను ఎలా అమర్చాలో చెప్పే పద్ధతుల్లో ఒకటిగా ఇప్పటికీ దాన్ని బోధిస్తున్నారు. అదే కాలంలో అక్కడే బ్రూస్ లొవెర్ తయారుచేసిన ‘హార్పీ’ వెయ్యికి పైగా పదాలను గుర్తుపట్టగలిగింది. అందులో వాడిన ‘బీమ్ సెర్చ్’ అనే వెతుకులాట పద్ధతి ఆ తర్వాత అనువాద యంత్రాల దాకా పాకింది. పరిశోధన ఇంజినీరింగ్‌కు ఇచ్చింది, ఇంజినీరింగ్ పరిశోధనను నిలబెట్టింది. మధ్యలో గోడ ఎక్కడుంది?

అప్పు పెరిగినట్టే...
గోడ లేదని కంపెనీలకూ తెలిసొచ్చింది. 2015లో గూగుల్‌కు చెందిన డి.స్కల్లీ, ఆయన సహచరులు ఒక పత్రం రాశారు. నిజంగా వాడకంలో ఉన్న మెషీన్ లెర్నింగ్ వ్యవస్థల్లో, నేర్చుకునే ప్రోగ్రాం అనేది చాలా చిన్న భాగమని అందులో బొమ్మ గీసి చూపించారు. దాని చుట్టూ డేటా సేకరణ, సరిచూడటం, యంత్రాల నిర్వహణ, నిఘా... ఇవన్నీ పెద్ద పెద్ద పెట్టెలు. మధ్యలో ఉండీ లేనట్టు ఒక చిన్న నల్లపెట్టె. అదే అందరూ గొప్పగా చెప్పుకునే మోడల్!

తొందరపడి అడ్డదిడ్డంగా కట్టిన ప్రోగ్రాంను ‘టెక్నికల్ డెట్’ అంటారు. 1992లో వార్డ్ కనింగ్‌హామ్ పెట్టిన పోలిక ఇది. డెట్ అంటే అప్పు. మిరప రైతుకు దీని అర్థం వివరించాల్సిన పనిలేదు. ఇవాళ చేతికి సులువుగా వస్తుంది. తీర్చకపోతే వడ్డీ మీద వడ్డీ. మెషీన్ లెర్నింగ్‌లో ఈ అప్పు ఇంకా గడుసుది. ప్రోగ్రాంలో ఒక్క అక్షరం మార్చకపోయినా, బయట ప్రపంచం మారిపోతే ఫలితం చెడుతుంది. నల్ల తామర వచ్చినప్పుడు జరిగేది అదే!

రిపేరు కూడా యంత్రమే చేస్తుంటే?
2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక అమ్మానాన్నల భయం వేరేలా మారింది. ‘కోడు కూడా యంత్రమే రాసేస్తే మావాడి గతేంటి?’ భయంలో అర్థముంది. సరిగ్గా ఈ రెండు రంగాల కూడలిలోనే 2023లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు ఒక పరీక్ష తయారుచేశారు. దానిపేరు ‘ఎస్‌డబ్ల్యూఈ-బెంచ్’. పన్నెండు పైథాన్ ప్రాజెక్టుల నుంచి నిజంగా వచ్చిన 2,294 ఫిర్యాదులను ఏరి, యంత్రం వాటిని సరిచేయగలదా అని చూశారు. మొదట్లో అన్నిటికన్నా మెరుగైన మోడల్ కూడా 1.96 శాతమే చేయగలిగింది. 2024లో నిపుణులు అందులోంచి అయిదు వందల సమస్యలను ఏరి, సరిచూసి విడిగా పెట్టారు. 2025 వచ్చేసరికి వాటిలో డెబ్బై శాతానికి పైగా పరిష్కరించే మోడళ్లు వచ్చేశాయి. రెండేళ్లలో ఎంత దూరం!

ఈ అంకెను చూసి బెదిరిపోవచ్చు. లేదా ఆకుల కథ గుర్తుచేసుకుని నాలుగు ప్రశ్నలడగొచ్చు. ఆ ఫిర్యాదులకు జవాబులు ఇంటర్నెట్‌లో ముందే ఉన్నాయా? యంత్రం పాఠంలో అవి కలిసిపోయాయా? కొత్త ప్రాజెక్టులో, తెలుగు అక్షరాలతో నిండిన ప్రోగ్రాంలో ఇస్తే ఎంత వస్తుంది? అడిగినంత మాత్రాన ఉద్యోగాల చింత పోదు. చెప్పింది చెప్పినట్టు టైపు చేసే పనికి విలువ తగ్గుతుందన్నది నిజమే. కానీ యంత్రం ఇచ్చింది సరైనదో కాదో తేల్చే మనిషి అవసరం పెరుగుతుంది. ఆ తేల్చే నేర్పు కొనుక్కొచ్చిన ప్రాజెక్టుతో రాదు. చేలో ఫొటో తీసి, 99 ఎందుకు 31 అయిందో తలబద్దలు కొట్టుకుంటేనే వస్తుంది.

మనకేమున్నాయి?
‘ఇవన్నీ స్టాన్‌ఫర్డ్‌లో సాగుతాయి, మన దగ్గరెక్కడ?’ అనే నిట్టూర్పు సహజం. మారుమూల పిల్లలకు కూడా అవకాశం దక్కాలనే 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో ట్రిపుల్ ఐటీలు వచ్చాయి. పదో తరగతి కాగానే చేర్చుకుని ఆరేళ్లపాటు చదివించే రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి మొదటి ఛాన్సలర్ రాజ్‌రెడ్డే. నూజివీడు ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉన్నా, మెట్టప్రాంతపు పిల్లలకు దగ్గరి దారే.

అక్కడ సీటు రాకపోయినా తలుపులు మూసుకుపోలేదు. ఐఐటీల పాఠాలను ఇంటికి తెచ్చే ఎన్‌పీటీఎల్ 2003లోనే మొదలైంది. పెద్ద కంప్యూటర్ లేకపోయినా గూగుల్ కోలాబ్‌లో పరిమితంగా ఉచితంగా ప్రయోగాలు చేసుకోవచ్చు. మార్పుల చరిత్రంతా దాచిపెట్టే ‘గిట్’ 2005 నుంచి ఉచితంగానే దొరుకుతోంది. ఇక ప్రశ్నలంటారా... ఊరి చుట్టూ ఉన్నాయి. 2023 జులైలో, మళ్లీ 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు పొంగి నందిగామ మండలం ఐతవరం దగ్గర జాతీయ రహదారిని ముంచెత్తింది. పైన ఎంత వాన పడితే ఎన్ని గంటల్లో నీళ్లు రోడ్డెక్కుతాయి? ఇదీ ప్రాజెక్టే. మెట్ట యాసలో మాట్లాడే రైతు గొంతును ఫోను ఎంతవరకు అర్థం చేసుకుంటుంది? ఇదీ ప్రాజెక్టే. రాజ్‌రెడ్డి మొదలుపెట్టిన పని ఆ యాస దగ్గర ఇంకా మిగిలే ఉంది.

ఇంట్లో లెక్క
ఇంత చెప్పినా అమ్మానాన్నల ప్రశ్న అలాగే ఉంటుంది. పరిశోధనంటే ఏళ్లు పడుతుంది, అప్పులెవరు తీర్చాలి? అడగాల్సిన మాటే. గేట్ రాసి ఎంటెక్‌లో చేరితే అర్హులకు నెలకు 12,400 రూపాయల ఉపకార వేతనం వస్తుంది. పీహెచ్‌డీలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. సాఫ్ట్‌వేర్ జీతాల ముందు ఇవి వెలవెలబోవచ్చు. కానీ పరిశోధనంటే ఇంటి డబ్బు కరిగించడమే అన్న మాట నిజం కాదని తెలుస్తుంది.

ముందు ఉద్యోగం చేసి తర్వాత పరిశోధనకు వెళ్లినా మునిగిపోయేదేం లేదు. రాజ్‌రెడ్డి చేసింది అదే. ఐబీఎం గడప దాటాకే స్టాన్‌ఫర్డ్ చేరారు. ఉద్యోగంలో ఉంటూనే ‘ఈ అంకె ఎందుకు నమ్మాలి?’ అని అడిగేవాడు సగం పరిశోధకుడే. పరిశోధనలో ఉండి తన ప్రోగ్రాం ఇంకొకరి కంప్యూటర్‌లో నడిచేలా రాసేవాడు సగం ఇంజినీరే. ఏ సగంతో మొదలుపెట్టాలన్నది ఇంటి పరిస్థితిని బట్టి తేల్చుకోవచ్చు.

ప్రాజెక్టు మొదలెట్టే ముందు...

* ఎవరి కోసం చేస్తున్నారో ఒక్క వాక్యంలో రాసుకోండి. ఆ మనిషిని కలిసి మాట్లాడండి.

* ప్రతి ఫొటోకూ ఊరు, తేదీ, ఫోను వివరాలు, పేరు పెట్టిన నిపుణుడి మాట రాసిపెట్టుకోండి. రైతు అనుమతి తీసుకోండి.

* పరీక్షకు వాడే ఫొటోలు వేరే చేను నుంచి, వీలైతే వేరే మండలం నుంచి తీసుకోండి. చివరిదాకా వాటిని ముట్టుకోవద్దు.

* నూటికి ఎన్ని అన్న అంకె ఒక్కటే చాలదు. వంద ఆకుల్లో తొంభై ఆరోగ్యంగా ఉంటే, అన్నిటినీ ‘బాగుంది’ అనేసిన యంత్రానికీ 90 శాతం వస్తుంది! తెగులున్న ఆకుల్లో ఎన్నిటిని పట్టుకుందో విడిగా చూడండి.

* ఆకును కప్పేసి నేపథ్యం మాత్రమే చూపించి పరీక్షించండి. అప్పుడూ సరిగ్గా చెబుతుంటే ఎక్కడో తేడా ఉన్నట్టే.

* మీ ప్రోగ్రాంను స్నేహితుడి కంప్యూటర్‌లో, మీరు పక్కన లేకుండా నడిపించమనండి. అదే ఫలితం రావాలి.

* ఎక్కడ ఓడిపోయిందో కూడా నివేదికలో రాయండి. ఇంటర్వ్యూలో ఎక్కువసేపు మాట్లాడగలిగేది ఆ పేజీ గురించే!